ముగ్గుపిండితో రుద్దిన వాల్వులు

మా చిన్నప్పుడు... తిరుమలగిరి అద్దె ఇంట్లో, ముందు గది బల్ల మీద నాన్న వాల్వు సెట్టు ఉండేది. పాటలు వినే స్టీరియో యాంప్లిఫయర్ అది. స్విచ్ వేస్తే గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడేవి... అవి వేడెక్కాకే పాట వచ్చేది. అమ్మ దాన్ని "నా సవతి" అనేది.

అది మొరాయిస్తే యాదగిరి అంకుల్ రావాల్సిందే. దగ్గర్లోనే చిన్న రేడియో రిపేరు కొట్టు ఆయనది. ఒకసారి సెట్టు గుర్రుమంటుంటే కొట్టుకు తీసుకెళ్లి, రెండో రోజు పొద్దున్నే బాగుచేసి తెచ్చి, నాకు అప్పగించి వెళ్లారు. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయారు.

లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తోమడం ఇంట్లో నా పని. అందులో నన్ను మించినవాళ్లు లేరని నా గొప్ప. వాల్వుల మీద దుమ్ము కనబడింది... ఇంకేం, తడిగుడ్డకు ముగ్గు అద్ది ఒక్కొక్కటీ తళతళలాడేదాకా రుద్దాను. వాటి మీద తెల్లగా అచ్చువేసిన నంబర్లు దుమ్ముతోపాటే పోయాయి. నాన్న మెచ్చుకుంటారనే అనుకున్నాను.

సాయంత్రం నాన్న చూసి కొయ్యబారిపోయారు. నంబరు లేని వాల్వు అంటే నకిలీదే అని ఆయన నమ్మకం. అసలువి యాదగిరి కొట్టేసి ఇవి పెట్టాడని తేల్చేశారు. రుద్దింది నేనేనని చెప్పడానికి భయమేసింది.

మర్నాడు సెట్టు ఎలా పాడుతోందో చూద్దామని యాదగిరి అంకుల్ వచ్చారు. నాన్న గుమ్మంలోనే ఆపేశారు.

"మా వాల్వులు ఏం చేశావయ్యా? వీటి మీద నంబర్లేవి?"

"అవ్వే సార్ ఇవి. నేనెందుకు మారుస్త?" అని ఆయన నావైపు తిరిగారు. "బిడ్డా, నేను తెచ్చినప్పుడు నంబర్లు ఉన్నయా లేవా? జెర నువ్వన్న చెప్పు."

"నేను చూడలేదు అంకుల్" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు... మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు అల్వాల్‌లో మా ఇంట్లో, ఆ సెట్టును అటక మీంచి దింపి నేనే బాగుచేస్తున్నాను. పాడైన కెపాసిటర్లు మార్చాను. వాల్వుల నంబర్లు తెలియాలి కదా... చెరిగిపోయినా, గాజు మీద నోటి ఆవిరి పడితే అచ్చు కనబడుతుందని ఈ పని తెలిసిన మిత్రుడొకరు చెప్పారు.

ఊదాను. నాన్న నోట ఎన్నోసార్లు విన్న నంబర్లే. అన్నీ అసలు వాల్వులే. తప్పు నాదని అప్పుడే తెలుసు... అయినా "నంబర్లున్నా నకిలీవేమో" అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నాన్నకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటారు. అంతా చెప్పేశాను. తిట్టినా బాగుండేది.

"తర్వాత రెండుసార్లు బజార్లో ఎదురుపడి నమస్కారం పెట్టాడు. నేనే మొహం తిప్పుకున్నాను" అన్నారు. మళ్లీ తనే, "అతని ఇల్లెక్కడ?" అన్నారు.

అన్నేళ్లు మా ఇంటికి వచ్చిన మనిషి... ఇల్లెక్కడో మా ఇద్దరికీ తెలియదు. కొట్టు ఉన్నచోటికి నాన్నను తీసుకెళ్తే అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. "మాకెర్కలేదు మేడమ్, మేమొచ్చి మూడేండ్లే అయితుంది" అన్నాడు షాపతను.

అప్పట్లో రిపేరుకు వచ్చిన మనిషి టీ తాగి, అందరినీ పలకరించి వెళ్లేవాడు... ఇప్పుడు పాడైతే పారేసి కొత్తది కొంటున్నాం. చిన్నప్పుడు మీ బదులు మాట పడ్డవాళ్లు మీకూ ఉంటే కామెంట్లలో చెప్పండి... కాదు, ముందు వాళ్ల ఇల్లెక్కడో కనుక్కోండి.