ఆయన పోయినాక వచ్చిన చలానా

మా ఆయన ఫోను నేను ఆపేయలేదు. గ్యాసుకు, బ్యాంకుకు ఆ నెంబరే ఇచ్చింటిమి కాబట్టి రీచార్జి చేయించి కుట్టుమిషను పక్కన పెట్టుకునేదాన్ని. ఆయన గుండెనొప్పితో పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఫోనుకు ఇంక ఎవరూ చేయరు. ఒక మధ్యాహ్నం జాకెట్టుకు చేతులు అతికిస్తాంటే అది బల్ల మీద గుర్రుమనింది. తీసి చూస్తే, ఆయన బండి మీద చలానా పడిందని మెసేజి. హెల్మెట్ లేదంట. నంద్యాలలో అంట.

బండి ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలోనే ఉంది. పాత చీర కప్పి పెట్టినాను. లేచిపోయి చీర తీసినాను. టైర్లలో గాలి లేదు. సీటు మీద పట్టిన దుమ్ము పట్టినట్లే ఉంది.

మా తమ్ముడు ఈ ఊర్లోనే మందులంగట్లో పని చేస్తాడు. పిలిపిస్తే వచ్చి మెసేజి చూసినాడు. "లింకు నొక్కొద్దక్కా. దొంగ మెసేజీలు ఇట్లే వస్తాండాయి. నొక్కితే బ్యాంకులో ఉండే దుడ్లన్నీ లాగేస్తారు" అన్నాడు. మరుసటి పొద్దున నన్ను నెట్ సెంటరుకు పిల్చుకపోయి, ప్రభుత్వం సైటులో బండి నెంబరు కొట్టించినాడు. చలానా నిజమే. పైగా ఒకటి కాదు, మూడు.

మూడింటికీ ఫొటోలుండాయి. మూడూ వెనకనుంచి తీసినవే. నల్లబండి, మా బండి మాదిరిదే. నెంబరు మాదే. తోలేది హెల్మెట్ లేని మగమనిషి. వెనకాల ఒక ఆడమనిషి, అతని భుజం మీద చెయ్యేసుకుని కూర్చోనుంది.

కొత్త చలానా మా ఆయన పోయినాక పడింది. మిగిలిన రెండూ ఆయన బతికుండంగా పడినవి. ఆయన నాతో వాటి మాటే అనలేదు.

తమ్ముడు ఆ తేదీలు చూసినాడు, నా మొహం చూసినాడు. "ఇంటికి పోదాం పా అక్కా" అన్నాడు, అంతే.

మా ఆయన బోరు మోటార్ల మెకానిక్కు. మోటారు కాలిపోయిందని రైతులు ఫోను చేస్తే సామాను సంచీ బండికి తగిలించుకుని పోయేవాడు. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల దిక్కు పోతే పని తెమలక ఒక్కోసారి రాత్రికి అక్కడే ఉండిపోయేవాడు. ఎవరింట్లో పడుకుంటివి, ఎవరు అన్నం పెట్టిరి అని నేను ఏనాడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

చచ్చిపోయిన మనిషి కొత్త ఫొటోలో ఉండలేడని నాకు తెలుసు. కానీ పాత రెండింటి సంగతేంది? మా బండి మాదిరిదే ఇంకో బండి కొని, దానికీ అదే నెంబరు వేసి, ఇంకో ఇంట్లో పెట్టినాడేమో. ఆయన పోయినాక ఆ బండిని ఆ ఇంటివాళ్లు ఎవరో తోల్తాండారేమో. తమ్ముడి ఫోనులో ఆ ఫొటోలు మళ్లీ మళ్లీ చూసేదాన్ని. ఆ వీపు ఒకసారి ఆయనది మాదిరే ఉండేది, ఇంకోసారి కాదనిపించేది. బజారుకు పోతే ముందు నడిచే మగవాళ్లందరి వీపులూ అట్లే కనపడేవి. అన్నం వండుకుంటా వండుకుంటా "ఎవరామె?" అని పైకే అనేదాన్ని. వసారా ఊడ్చేటప్పుడు బండి చుట్టూ ఊడ్చడం మానేసినాను.

పాత చలానాల్లో ఒకటి పడిన పొద్దు నాకు బాగా గుర్తు. ఆ పొద్దే తమ్ముడికి కూతురు పుట్టింది. చెప్పాలని ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోను కలవలేదు. పొద్దుగూకినాక వచ్చి, "ఉయ్యాలవాడలో చేన్లో ఉంటి, సిగ్నల్ లేకపాయె" అన్నాడు. ఇప్పుడు నేను బస్సెక్కి ఉయ్యాలవాడకు పోయి, మోటారుకు ఆయన్ను పిలిపించుకునే రైతు ఎవరని అడిగి ఇల్లు కనుక్కున్నాను. పెద్దాయన మంచం వాల్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించినాడు.

"మీ ఆయన మంచోడమ్మా. చానాసార్లు వచ్చినాడు. కానీ ఆ కాలంలో రాలేదు. అప్పుడే మేము కొత్త మోటారు వేయించింటిమి. ఇంక ఆయనతో పనేముంది?"

బస్సులో తిరిగొస్తాంటే ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, దాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు.

చలానాలు కట్టేసి వదిలించుకుందామన్నాడు తమ్ముడు. నాకు మనసొప్పలేదు. నంద్యాల కోర్టులో ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారని నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ చెప్పింటే అక్కడికి పోయినాను. నాకిచ్చిన వకీలు నాకంటే చిన్నది. తలకు స్కార్ఫు కట్టుకుని, మీద నల్లకోటు వేసుకునింది. చెప్పిందంతా అడ్డం రాకుండా వినింది.

"కట్టొద్దక్కా. కట్టినారంటే తప్పు మీదేనని ఒప్పుకున్నట్లు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు మీ ఇంటికే వస్తారు. చలానా అంటే తీర్పు కాదు. మీరు తప్పు చేసినారని వాళ్లు అంటాండారు, అంతే. కాదని చెప్పే హక్కు మీకుంది."

బండి ఆర్సీ, ఇన్సూరెన్సు, మరణ ధ్రువపత్రం తెమ్మనింది. బండిని నాలుగు పక్కలా ఫొటో తీసి, చాసిస్ నెంబరు కనపడేటట్లు ఇంకొకటి తీయమనింది. అవన్నీ పెట్టి ఆళ్లగడ్డ స్టేషన్లో ఒక ఫిర్యాదు, నంద్యాల ట్రాఫిక్ వాళ్లకు ఒకటి రాసిచ్చింది. వాళ్లు కొట్టేయకుంటే జడ్జి ముందర వాదిస్తానని చెప్పింది. తర్వాత చలానా ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూపించింది.

"మీ బండికుండేది అచ్చు కొట్టిన ప్లేటు. ఇది చూడండి, పెయింటుతో రాసింది. ఎవరో మీ నెంబరు దొంగిలించినారు."

నేను ప్లేటు చూడలేదు. ఆ ఆడమనిషి చెయ్యి చూస్తాండాను. "మేడం, ఆ తోలేది మా ఆయన కాదని ఎట్ల తెలుస్తుంది?" అని అడిగినాను.

ఆమె కంప్యూటరు మీదనుంచి చెయ్యి తీసింది. "కేసుకు ఆ సంగతి అక్కర్లేదక్కా" అని, గొంతు తగ్గించి, "మీకు కావాలని తెలుసు. బండి దొరకనీండి" అనింది.

బండి దొరికింది. నంద్యాలలో వాహనాలు ఆపి చూస్తాంటే చాసిస్ నెంబరుకూ ప్లేటుకూ పొత్తు కుదరక పట్టుకున్నారంట. స్టేషనుకు రమ్మంటే తమ్ముడూ, వకీలూ, నేనూ పోయినాము. బెంచీ మీద మిడుతూరు దిక్కు నుంచి వచ్చిన ఆలుమగలు కూర్చోనుండారు. అతను బక్కపల్చటోడు, పాతికేళ్లు కూడా ఉండవు. మా ఆయన పోలిక వెంట్రుకంత కూడా లేదు. వీపు కూడా కాదు. అంత చిన్న వీపును అన్ని దినాలు ఎట్ల పొరబడితినో నాకర్థం కాలేదు.

"కాగితాల్లేకుండా తక్కువకు వస్తాందని కొంటిని సార్. కొన్నప్పుడే ఈ నెంబరుంది. ఫైనాన్సు కంతులు ఎగ్గొట్టి నెంబరు మార్చిన బండని నాకు తెలీదు" అని అతను ఏడుస్తాండాడు.

ఎస్సై మూడు ఫొటోలూ అతని పెండ్లాం, ఆ పిల్ల ముందర పెట్టినాడు. ఆమె వంగి ఒక్కొక్కటే చూసింది. "మూడూ మేమే సార్. ఈ చీర మా యమ్మ పెట్టింది. పిల్లలు పుట్టలేదని నంద్యాలలో డాక్టరమ్మకు చూపించుకునేకి వస్తాంటిమి" అనింది.

బయటికొచ్చినాక ఆ పిల్ల నా వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకునింది. "తప్పయిపాయె అక్కా. మీ ఇంటాయన మమ్మల్ని తిట్టుకున్నాడేమో."

ఆయన లేడన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. "లేదులేమ్మా, ఏమీ అనుకోలేదు" అన్నాను.

చలానాలు కొట్టేసినారు. వకీలు దగ్గరుండి బండిని నా పేరు మీదికి మార్పించింది. తమ్ముడు టైర్లకు గాలి కొట్టించి, ఇప్పుడు దాని మీదే అంగడికి పోతాండాడు. కేసుపరంగా అంతా తెమిలిపోయింది.

ఫొటోలో ఉండేది ఆయన కాదు. మంచిదే. మరి ఆ పొద్దు ఆయన యాడుండె? ఉయ్యాలవాడకు పోలేదు. ఆ పెద్దాయనకు నాతో అబద్ధం చెప్పే పనేముంది? మా ఆయనే ఇంకో ఊరి పేరు చెప్పబోయి పొరపాటున ఉయ్యాలవాడ అన్నాడేమో. అంతేనేమో. "ఇంక వదిలెయ్యక్కా, పోయిన మనిషిని పట్టుకుని ఎందుకు పీకుతావు" అని తమ్ముడు కసురుకున్నాడు. అప్పట్నుంచి వాడికి చెప్పకుండా పోతాండాను. కుట్టుపని తక్కువగా ఉన్న పొద్దు బస్సెక్కి ఏదో ఒక ఊర్లో దిగి, బోరున్న రైతుల ఇండ్లు అడిగి, ఆ పొద్దు మా ఆయన ఈడికి వచ్చినాడా అని విచారిస్తాను. వాళ్లు పాపం గుర్తు చేసుకునేకి చూస్తారు. మంచోడమ్మా అంటారు, మంచినీళ్లిస్తారు, తెలీదంటారు. రుద్రవరం అయిపోయింది. చాగలమర్రి అయిపోయింది. పోయిన వారం శిరివెళ్లకు పోయొచ్చినాను.