గ్లౌజులు తొడిగిన పూట

కొండలెక్కేవాళ్ళకు బట్టలు అమ్మే ఒక విదేశీ కంపెనీకి గద్వాల వైపు నుంచి కూడా పత్తి పోతుంది. ఆ పత్తి పండించే చోట కూలీలను ఎలా చూస్తున్నారో, మట్టికీ నీళ్ళకూ ఏమవుతోందో చూసి ఆ కంపెనీకి చెప్పడం నా ఉద్యోగం. మాది వనపర్తి. మనవాళ్ళ మేలు కోరే పనే చేస్తున్నానని నాకు గర్వంగా ఉండేది.

వడ్డేపల్లి దగ్గర ఒక చేనికి వెళ్ళినప్పుడు, పురుగుమందు కలిపే డ్రమ్ము దగ్గర ఆడవాళ్ళందరూ కొత్త గ్లౌజులు తొడుక్కుని ఉన్నారు. నాతో మాట్లాడిన పెద్దామె రైతు వైపు చూస్తూ, "మస్తు మంచిగ చూస్కుంటరు మేడం" అంది. నేను సంతోషంగా బయల్దేరాను. దారిలో చూసుకుంటే ఫోన్ లేదు. చేనిలోనే మరిచిపోయాను.

తిరిగి వెళ్ళేసరికి రైతు గ్లౌజులు సంచిలో వేస్తున్నాడు. పెద్దామె ఉత్త చేత్తో మందు కలుపుతోంది. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. నన్ను చూసి చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఉడుకపోస్తదని ఆళ్లే ఇప్పిన్రు మేడం" అన్నాడు రైతు.

చూసింది చూసినట్టు రాశాను. ఆఫీసులో మెచ్చుకున్నారు. కంపెనీ ఆ ఊరి పత్తి కొనడం మానేసి, ఆ సంగతి ఊరి పేరుతో సహా తన వెబ్‌సైట్‌లో గొప్పగా చెప్పుకుంది. ఆ పేజీని నేను చుట్టాలందరికీ పంపించాను.

మరుసటి ఏడు పెబ్బేరు బస్టాండులో ఆ పెద్దామె మూటల మధ్య కూర్చుని కనిపించింది. "ఎటు పోతున్నవ్ అమ్మా?" అని అడిగాను.

"మిర్చి ఏరనీకి, గుంటూరు దిక్కు. మా ఊర్ల పత్తి ఎవ్వరూ కొంటలేరని రైతు సగం చేను బీడు పెట్టిండు. మాకు పనేడుంది?"

"నేను ఉన్నదే రాసిన అమ్మా."

"అబద్ధమని నేనంటున్ననా బిడ్డా? రోజూ గ్లౌజులు ఇయ్యమని రాయకపోతివి? మమ్మల్ని జర అడగకపోతివి?"

కోపంగా అనలేదు. మూట పక్కకు జరిపి, "కూసో, బస్సు ఇంక రాలే" అంది. ఆమె పక్కన కూర్చున్నానే గానీ తలెత్తి చూడలేకపోయాను.

ఆ వారమే ఆఫీసుకు రాశాను. ఆ రైతుల దగ్గర మళ్ళీ కొనండి, గ్లౌజులు రోజూ ఇచ్చేలా షరతు పెట్టండి అని. ఆ విషయం ముగిసిపోయిందని జవాబు వచ్చింది. ఇంకోసారి రాస్తే జవాబే రాలేదు.

ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా రైతు లేనప్పుడు ఆడవాళ్ళతో విడిగా కూర్చుంటాను. ఇది రాస్తే మీకేమవుతుందని ముందే అడుగుతాను. కొందరు రాయమంటారు, కొందరు వద్దని చేతులు పట్టుకుంటారు. అలా పట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. వడ్డేపల్లి మీదుగా పోయే బస్సెక్కితే మాత్రం కిటికీ పక్కన కూర్చోను.