జీడి మచ్చ వెంట గుణుపురం దాకా

ఒడిశాలోని గుణుపురం డాక్టరొకాయన నా ఫోనుకు పంపిన ఫొటోతో ఈ ప్రయాణం మొదలైంది. ఒక రైతు ఇల్లాలి అరికాలు. మడమ దగ్గర అంచులు చెదిరిన నల్లమచ్చ. "ముల్లు విరిగిందని నల్లజీడి గింజ కాల్చి పెట్టుకుందట. ఓసారి చూడండి" అని రాశాడు.

మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, ఇరవై ఏళ్ళుగా నా పరిశోధన. పడమటి దేశాల పుస్తకాల్లో అది ఎండ తగిలే వీపున పుడుతుంది. మన దగ్గర ఎక్కువగా ఎండ ఎరగని అరికాలిలో పుడుతుంది. ఆమెను విశాఖపట్నంలో నా దగ్గరికి పంపమని రెండుసార్లు చెప్పాను. రాలేదు. కోరాపుట్‌లో డాక్టర్లకు పాఠం చెప్పే పని ఎలాగూ ఉంది. నేనే బయలుదేరాను.

కిరండూల్ పాసింజరు పొద్దున్నే ఎక్కాలి. అరకు దాకా కుడివైపు కిటికీ మంచిది. మర్నాడు కోరాపుట్‌లో పాఠం ముగించి, సాయంత్రం రాయగడ బండెక్కాను. ఎదురుగా సునాబెడ ఫ్యాక్టరీలో రిటైరైన ఫిట్టరొకాయన. నా చేతిలో భూతద్దం చూశాడు.

"ఏటి సారూ, జాతకాలు సెప్తారేటి?"

"చేతులు చూడనండీ. అరికాళ్ళు చూస్తాను."

"అరికాల్లో ఏటుంటాది? ముల్లుంటాది. జీడి కాల్సి సుర్రుమని పెట్టీడమే!" అంటూ తన పాదమెత్తి చూపించాడు. నున్నటి పాత మచ్చ. జీడి నలుపు చర్మంతోపాటు ఎప్పుడో ఊడిపోయింది. ఫొటోలోది ఊడలేదు. సొరంగాల చీకటి వచ్చినప్పుడల్లా నాకదే గుర్తొచ్చింది.

రాయగడలో స్టేషను దగ్గరి లాడ్జి శుభ్రంగానే ఉంది. ఏడింటి బస్సు పదిన్నరకు గుణుపురం చేర్చింది. అక్కడి నుంచి ఆటోలో వంశధార నది పక్క పల్లెకు వెళ్ళాను. ఫొటోలోని పాదం నరసమ్మది. ఆమె, భర్త సూరయ్య అరుగు మీద చాప వేశారు. వాళ్ళ పెద్దలది శ్రీకాకుళం వైపు, ఒకప్పటి మా జమీందారీలోని పల్లె. నా ఇంటిపేరు వినగానే నరసమ్మ లేచి నిలబడి, పాదాలు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

"బాబూ, మా తాత మీ దివాణం ముందర సెప్పులిప్పి నడిసేవోడు. మీకు నా కాలు సూపించడమేటి, పాపం కాదూ?"

"దివాణం తలుపులతో సహా అమ్ముడుపోయింది నరసమ్మా. నా చదువు మిగిలింది. దానికి పని కల్పించు."

మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ నడుము వంచలేదని మా నాన్న కడదాకా చెప్పుకున్నాడు. ఆస్తి పోయాక కూడా వంచలేదు. ఆ నిటారుతనం నాకూ వచ్చింది. నేను నిటారుగానే నేల మీద కూర్చుని, ఒడిలో తువ్వాలు పరిచాను.

సూరయ్య నవ్వాడు. "ఇయ్యే, ఇయ్యి! నానట్టుకుంటే తంతావు. దొరలొచ్చి అడిగితే బెట్టా?"

మొగుణ్ణి తిడుతూనే పాదం ఇచ్చింది. భూతద్దంలో చూశాను. నలుపు, గోధుమ రంగు కలగాపులగంగా ఉన్నాయి. అరికాలి గీతల మధ్య గట్ల మీదుగా మచ్చ పాకుతోంది; మంచి గుర్తు కాదు.

"జీడి ఎప్పుడు పెట్టేవు?"

"పోయినేడు ఉడుపులప్పుడు. నలుపు పోలేదని మల్లీ పెట్టేను."

"గజ్జల్లో బిళ్ళ కట్టిందా?"

"నేదు బాబూ."

రోగం ఇంకా కాలు దాటి పాకలేదేమోనని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ముదిరిన రోగానికి ఒంటి రక్షణశక్తిని లేపే మందులున్నాయి. వాటి మీద నా యవ్వనమంతా ఖర్చయింది. కొందరు బతికారు. కానీ వేళకు కోసి తీసేయడానికి సాటి వచ్చే మందు నా ప్రయోగశాలలో ఈనాటికీ లేదు. అదంతా ఆమెకు చెప్పాను. ముందు ముక్క తీసి పరీక్ష చేస్తారని, నా అనుమానం క్యాన్సరేనని, దాచకుండా చెప్పాను.

"కోతలైపోనీ బాబూ. అప్పుడొత్తాను."

"రేపటి బండికి."

"ముందు అన్నం తినండి" అని విస్తరి వేసింది. చేపల పులుసు వాసన వస్తోంది. మా తాత రైతు ఇంట మంచినీళ్ళైనా ముట్టలేదు. నాకు మాత్రం నిజంగా ఆకలేస్తోంది. అయినా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"వస్తానంటేనే తింటాను. లేదంటే ఇలాగే లేచి పోతాను."

పొరుగమ్మ గోడ మీంచి చూస్తోంది. పులుసు చల్లారింది. సూరయ్య నవ్వు ఆగిపోయింది. చివరికి నరసమ్మ గిన్నె తెచ్చి ఎదుట పెట్టింది.

"ఇంటికొచ్చినోలు ఆకలితో ఎల్లిపోతే నాను ముద్దెలా మింగుతాను? వత్తాను. తినండి, మొండిబాబూ!"

రెండుసార్లు వడ్డించుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ముగ్గురం గుణుపురంలో విశాఖపట్నం బండెక్కాం. ఈ వైపు వచ్చేవారు కొండల కోసం కోరాపుట్ మీదుగా వెళ్ళి, పొలాల కోసం ఇలా నౌపడ మీదుగా తిరిగి రావచ్చు. నాకు మాత్రం ఈసారి కొండలకంటే ఎక్కువగా ఒక పాదం గుర్తుండిపోతుంది. నడిచేసరికి కాలు నొప్పెడుతోందని ఎదుట కూర్చున్న నరసమ్మ అంటే, నా పక్క సీటు మీద చాపుకోమన్నాను. నాకు తగులుతుందని ఆమె మాటిమాటికీ వెనక్కు లాక్కుంటోంది.

ఆ నలుపు ఎంత లోతుకు దిగిందో నాకింకా తెలియదు. సర్జన్‌కు ఫోను చేసి, వస్తున్నామని చెప్పాను. నౌపడ దాటేసరికి నరసమ్మకు నిద్ర పట్టింది. పాదం మళ్ళీ వెనక్కు పోలేదు.