మడుగులో దిగిన ఎరుపు

మొన్న మనుమరాలు బండి మీద తీసుకుపోతుంటే గద్వాల బయట వాగు దగ్గర ప్రభుత్వం వారు పాతిన బోర్డు కనబడింది. చేపలు గుడ్లు పెట్టే చోటు, వల వేయరాదు, మురికి నీళ్లు వదలరాదు అని ఉంది. దాని కిందనే ఎవరో సంచి నిండా చెత్త పారబోసి పోయారు. బండి ఆపించి కాసేపు నిలబడ్డాను, మా నాయన గుర్తుకొచ్చాడు.

మా నాయన చీర అంచుల పట్టుకు రంగు వేసేవాడు. తన ఎరుపు దిగదని ఆయనకు ఎంత గర్వమంటే, ఏ పెండ్లికి పోయినా ఆ మాట చెప్పనిదే విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. నేను ఇంట్లో పట్టుదారం కండెలకు చుట్టే రోజుల్లో, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఆ సంస్థానాల కాలంలో, ఒక మృగశిర ముందు దండోరా వేశారు. వాగు మడుగులోకి చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తాయి గనుక, పిల్లలు ఎదిగేదాకా అక్కడ వల వేయడం గాని రంగు కడగడం గాని కూడదన్నారు. చేపలు పట్టే ఇంటి పెద్దమనిషిని, మా నాయన అన్నా అని పిలిచే ఆయనను, కావలి పెట్టారు. దిగని రంగుకు చేపలెట్లా చస్తాయని మా నాయన గొణిగాడు. పారే నీళ్లలో జాడిస్తేనే పట్టుకు నిగారింపని, కావలాయన బువ్వకు పోయిన వేళ చూసి రంగు వేసిన పట్టుదారపు చిలపలన్నీ మడుగులోనే జాడించుకొచ్చాడు.

మరునాటికి చేపపిల్లలు తెల్లగా తేలాయి. కావలాయనే ఏదో మందు కలిపి చేపలు పట్టించాడని ఊరంతా అనుకున్నది, ఆయనను సంస్థానం కచేరీకి విచారణకు పిలిచారు. ఆ కబురు వినగానే మా నాయన తింటున్న ముద్ద వదిలేసి, ఆరీ ఆరని చిలప ఒకటి పట్టుకుని పోయాడు. అందరి ముందు చెంబునీళ్లలో ముంచితే నీళ్లు ఎర్రబడ్డాయట.

“అన్న తప్పేం లేదు దొరా. నా రంగే దిగింది,” అన్నాడట.

ఆ మాట ఆయన నోట రావడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్లం మాకే తెలుసు. కచేరీ వారు మందలించి వదిలారు. ఆనాటి నుంచి పెరట్లో గుంత తవ్వుకుని, బావి నీళ్లు తోడి అక్కడే జాడించేవాడు, నిగారింపు తగ్గిందని బేరగాళ్లు సణిగినా వినలేదు. మరుసటి ఏడు తొలకరికి ఆ కావలి పెదనాయనే మా గడపలోకి వచ్చి, చేపలు ఎక్కుతున్నయి, జర వచ్చి చూడు తమ్మీ అని పిలుచుకుపోయాడు. నేనూ వెంట పోయాను. ఎదురు నీళ్లలో ఎగిరిపడే ఆ చేపలను చూస్తూ మా నాయన తువ్వాలతో కండ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడా వాగులో నీళ్లు పూటకో రంగు. ఆనాడు బోర్డు లేదు, ఉన్నా చదివేవారు అంతంతమాత్రమే. తడి చిలప పట్టుకుని, తప్పు నాదని చెప్పడానికి కచేరీ మెట్లెక్కిన మనిషి మాత్రం ఉండేవాడు.