కుడి చెంప కంట్రోల్

నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో, అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్ ఆంటీ ఎవరు కనిపించినా ముందు ఎడమ చెంప చూపించి, ఆ తర్వాత కుడి చెంప తిప్పేవారు.

ఆవిడ ముప్పై ఏళ్ళు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ముడతలు తగ్గుతాయని కూతురు కొనిచ్చిన పెప్టైడ్ సీరమ్‌ని ముఖమంతా రాసుకోలేదు. మూడు నెలలపాటు ఎడమ వైపే రాసుకున్నారు.

"కుడి పక్క కంట్రోల్ అమ్మా, దానికేమీ రాయను. పోల్చి చూడకుండా చర్మంలో కొలాజెన్ పెరిగిందని ఎట్లా నమ్ముతాం?" అనేవారు.

మేమంతా మొహమాటానికి ఎడమ చెంపే నునుపుగా ఉందనేవాళ్ళం. ఒకరోజు బస్సు అందుకునే తొందరలో నేను కుడి చెంపను మెచ్చుకున్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. నోట్‌బుక్ తీసి నా పేరు పక్కన ఇంటూ మార్కు పెట్టుకున్నారు.

గడువు ముగిసిన ఆదివారం, ఫోన్‌లోంచి తలెత్తని అంకుల్‌ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నన్ను సాక్ష్యానికి పిలిచారు.

"ఏమండీ, ఏ వైపు బాగుందో నిజం చెప్పండి."

అంకుల్ కళ్ళజోడు తుడుచుకుని రెండు చెంపలూ మార్చి మార్చి చూశారు. ఆయన కాఫీ చల్లారిపోయింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయే," అన్నారు చివరికి.

ఆంటీ అదే రాసుకుని, వెంటనే ఇంకో రెండు సీసాలు ఆర్డర్ చేశారు.

"అది వర్క్ చేయలేదు కదా ఆంటీ?" అన్నాను.

"పెళ్ళయ్యాక ఈయన నా ముఖం ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి. ఈసారి ఆరు నెలలు చేద్దాం," అన్నారు.