మేడ మీద ఆరబోసిన చీజ్

రెండేళ్ల క్రితం, మే నెల. విజయవాడలో మా కోడలు పాస్తాలోకని తురిమిన గట్టి చీజ్ పెద్ద డబ్బా తెచ్చింది. సగం వాడి, మిగతాది ఫ్రిజ్‌లో పెడుతూ, "మూత తీశాం కదా అత్తయ్యా, వారంలో వాడెయ్యాలి. ముక్కయితే ఇంకొన్నాళ్లు ఉండేది, తురుముకి తొందరగా బూజు పట్టేస్తుంది" అంది.

పామర్రులో పుట్టి, ఏటా ఇంటికి సరిపడా వడియాలు పెట్టే నాకు ఆ మాట నచ్చలేదు. తడి ఉంటేనే కదా బూజు! మర్నాడు తను ఆఫీసుకి వెళ్లగానే మేడ మీద పాత చీర పరిచి, చీజ్ తురుము పల్చగా ఆరబోశాను.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే చీరంతా నూనె. తురుము ముద్దలు కట్టి గుడ్డకు అంటుకుపోయింది. పుల్లటి వాసన. చుట్టూ ఇరవై ముప్పై కాకులు. బట్టలు తీసుకోవడానికి వచ్చిన మూడో అంతస్తు సుబ్బారావుగారు ఆ కాకుల్ని చూసి, చెప్పులు విడిచి, మెల్లగా అడిగారు.

"ఇవాళ ఎవరి తద్దినమండీ?"

"మా మామగారిదండీ" అనేశాను.

సాయంత్రం కోడలికి నిజం చెప్పాను. తను చాలాసేపు నవ్వి, కొత్త డబ్బా తెచ్చి, మూత మీద తెరిచిన తేదీ రాసింది. ఇప్పుడు వారం దాటితే నేనే పారేస్తున్నాను.

మొన్న మే నెలలో లిఫ్టులో సుబ్బారావుగారు, "మీ మామగారి తద్దినం దగ్గరపడినట్టుందండీ" అన్నారు. మా మామగారు పోయింది కార్తీకంలో.

తురిమిన చీజ్ వారమే నిలవుంటుంది. నేనాడిన అబద్ధం మాత్రం రెండేళ్లయినా చెక్కుచెదరలేదు.