పై వరస ఖాళీగా ఉన్న బోర్డు

విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయ్యేళ్లు తెరేసమ్మ చేసిన పనల్లా పేర్లు అడగడమే. ట్రంక్ కాల్ ఆపరేటరు. "ఆ ఇంట్లో ఎవరో ఒకర్ని పిలవండమ్మా" అంటే ఒప్పుకునేది కాదు. "ఎవరో ఒకరంటే ఎవరండీ? పేరు చెప్పండి!"

ఊరంతా ఎస్‌టీడీ బూత్‌లు వచ్చి ఆ కాల్స్ పలచబడ్డాక, తొంభై ఆరులో, ఆమెకు కాస్త తీరిక చిక్కింది. అప్పుడే ఒక పాత సంఘచరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యం కంటపడింది. క్రైస్తవులు ఏం చేస్తున్నారో కక్కించడానికి రోమా అధికారి ఒకాయన, సంఘంలో పరిచర్య చేసే ఇద్దరు బానిస స్త్రీలను హింసపెట్టాడట. పేర్లు లేవు. తెలుగులోకి దించినవాళ్లు బద్ధకించి వదిలేశారనుకుంది. ఆ సంగతి చెబుతూ చక్రవర్తికి ఆ అధికారి రాసిన ఉత్తరం లాటిన్‌లో ఉందని విని, ఒకప్పుడు ఫాదర్లు కావడానికి చదివే గురువిద్యార్థులకు ఆ భాష చెప్పిన శౌరయ్య మాస్టారి గుమ్మం ఎక్కింది. "నేర్చుకుని మీరే చదువుకోండమ్మా" అని ఆయన పాఠాలు మొదలుపెట్టారు.

లాటిన్ మొదటి వాచకం ఏడాదిలో గట్టెక్కింది. రెండోది మాత్రం ప్రాణం తోడేసింది. పేజీ తిప్పితే ముట్టడి, మళ్లీ తిప్పితే దండయాత్ర.

"వీళ్లకి ఊళ్లు తగలబెట్టడం తప్ప వేరే పని లేదాండీ?"

"ఉందమ్మా. తగలబెట్టింది రాసుకోవడం."

ఉత్తరం ఆ పుస్తకం చివర్లో ఉంది. ఈలోగా పటమట గుడిలో స్త్రీల సంఘానికి పాతికేళ్లు నిండాయి. కొత్త బోర్డు మీద ఏ పునీతురాలి పేరు పెడదామని చర్చ వచ్చింది. తెరేసమ్మ లేచి, "ఆ ఇద్దరి పేర్లు పెడదాం. ఈస్టర్ లోపల తెచ్చిస్తా" అనేసింది. పెయింటర్ జాకీర్ బోర్డుకి తెల్లరంగు వేసి కూర్చున్నాడు. కార్యదర్శి డయానా కనబడ్డప్పుడల్లా ఒకటే మాట: "ఆంటీ, మీ రోమ్ లైను ఇంకా కలవలేదా?"

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టలాదివారం తర్వాతి మంగళవారం, మధ్యాహ్నమంతా కూర్చుని ఆ ఉత్తరం చదివింది. బానిసలు. ఇద్దరు. సంఘంలో వాళ్లను ఏమని పిలిచేవారో ఉంది. హింసపెట్టించానని ఉంది. మూఢనమ్మకం తప్ప ఇంకేమీ దొరకలేదని ఉంది. ఆ తర్వాత ఆయన వేరే సంగతిలోకి వెళ్లిపోయాడు. తెరేసమ్మ మళ్లీ మొదటినుంచి చదివింది. వేలు పెట్టి చదివింది.

"పేర్లు లేవు."

"లేవమ్మా," అన్నారు మాస్టారు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"రెండేళ్లండీ! ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"చెబితే మానేసేవారు. మీ అంతటి విద్యార్థి నాకు మళ్లీ దొరకదు."

ఆమె పుస్తకం టపీమని మూసి, చెప్పులేసుకుని, తిన్నగా జాకీర్ దుకాణానికి నడిచింది.

"ఏం రాయమంటారమ్మా?"

"ఆయన రాయలేదయ్యా. ఇద్దరాడవాళ్లని చావబాదించి, వాళ్లు ఫలానా అని ఒక్క మాట రాయలేదు."

"పోనీ, ఏదో ఒక పేరు..."

"ఏదో ఒక పేరేంటి!" అని గయ్‌మంది. కాసేపటికి గొంతు తగ్గించి, "కింద స్త్రీల సంఘం అని రాయి. పైన రెండు పేర్లు పట్టేంత చోటు వదిలెయ్" అంది.

ఈస్టర్ రోజున బోర్డు అలాగే ఎక్కింది. "పెయింట్ అయిపోయిందా ఆంటీ?" అంది డయానా. ఆ తర్వాతి మంగళవారం తెరేసమ్మ కోపం తగ్గకుండానే మాస్టారింటికి వెళ్లి, మూడో పుస్తకం ఉందా అని అడిగింది.